పిల్లల్ని హడలగొట్టిన ‘ఎస్’: స్క్రీన్ జెమ్స్ ముగింపు లోగోల చరిత్ర

అమెరికాలో 1960ల చివర్లో, 70ల మొదట్లో పెరిగిన పిల్లల్లో చాలామందికి ఒక భయం ఉండేది. అది దయ్యాల సినిమాలు చూసి పట్టుకున్న భయం కాదు. ‘బివిచ్డ్’, ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’, ‘ద పార్ట్‌రిడ్జ్ ఫ్యామిలీ’ లాంటి సీరియళ్లు ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూసేవి. ఆ ఎపిసోడ్ అయిపోయి, నటీనటుల పేర్లు వెళ్లిపోయాక, చివర్లో కొన్ని సెకన్ల పాటు నిర్మాణ సంస్థ లోగో వచ్చేది. పిల్లలు చెవులు మూసుకున్నది, గదిలోంచి పారిపోయింది ఆ లోగో చూసి. పసుపు తెర మీద ఒక ఎర్రటి చుక్క, దాని చుట్టూ మడత పడే రెండు పట్టీలు, అన్నీ కలిసి ‘ఎస్’ అక్షరంలా కనిపించే గుర్తు, కింద స్క్రీన్ జెమ్స్ అనే పేరు. వెనకాల ఏ వాయిద్యానిదో తెలియని ఒక ఎలక్ట్రానిక్ మోత. అభిమానులు తర్వాతి రోజుల్లో దానికి ‘ఎస్ ఫ్రమ్ హెల్’ (నరకం నుంచి వచ్చిన ‘ఎస్’) అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

చిన్నపిల్లల బెదురులే అని దీన్ని తీసి పక్కన పెట్టడం తేలిక. కానీ ఆ సంస్థ తన సీరియళ్ల చివర్లో వాడిన లోగోలన్నీ వరసగా పెట్టి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. మొదట్లో తెర మీద ఒక మనిషి రూపం ఉంది, ఒక మనిషి గొంతు ఉంది. తర్వాత రూపం పోయింది. ఆ తర్వాత గొంతు కూడా పోయింది. మిగిలింది ఒక గీతల బొమ్మ, ఒక యంత్రం చేసిన శబ్దం. భయం పుట్టింది ఆ మిగిలిన దగ్గరే. డిజైన్‌లో ఏదో పొరపాటు జరిగి పుట్టింది కాదు, ఆ కాలపు మంచి డిజైనర్లు మంచిదని నమ్మిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల పుట్టింది.

స్క్రీన్ జెమ్స్ పేరు టీవీ కంటే పాతది. 1940ల్లో హాలీవుడ్ స్టూడియో కొలంబియా పిక్చర్స్ కార్టూన్ విభాగానికి ఆ పేరు ఉండేది. ఆ విభాగం 1946లో మూతపడింది. కొలంబియా స్థాపకుల్లో ఒకరైన జాక్ కోన్ కొడుకు రాల్ఫ్ కోన్, టీవీ కోసం ఫిల్మ్ మీద ప్రకటనలు తీసే ఒక చిన్న కంపెనీని న్యూయార్క్‌లో నడుపుతుండేవాడు. కొలంబియా దాన్ని తనలో కలుపుకుంది. 1948లో, అటక మీద పడి ఉన్న ఆ కార్టూన్ విభాగం పేరును దులిపి తీసి ఈ కొత్త టీవీ శాఖకు పెట్టింది. అప్పటికి హాలీవుడ్ పెద్ద స్టూడియోలకు టీవీ అంటే గిట్టదు. థియేటర్లకు జనం రాకుండా చేసే శత్రువుగానే చూసేవాళ్లు. ఆ శత్రువుకే సరుకు అమ్ముదామని ముందుగా దిగిన స్టూడియోల్లో కొలంబియా ఒకటి. 1952లో ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్క్ (దేశమంతటా స్టేషన్ల ద్వారా ప్రసారం చేసే సంస్థ) కోసం ‘ఫోర్డ్ థియేటర్’ తీయడంతో స్క్రీన్ జెమ్స్ ప్రకటనల నుంచి అసలు కార్యక్రమాల్లోకి వచ్చింది. 1954లో ‘ఫాదర్ నోస్ బెస్ట్’, ‘రిన్ టిన్ టిన్’ మొదలయ్యాయి. ఇక వెనక్కి చూసుకోలేదు.

‘ఫోర్డ్ థియేటర్’ అనే పేరులోనే అప్పటి టీవీ వ్యాపారం మొత్తం ఉంది. కార్యక్రమం పేరు కార్ల కంపెనీది. అమెరికన్ టీవీ తొలి పదిహేనేళ్లలో తెర మీద మొదటి మర్యాద స్పాన్సర్‌కే దక్కేది. ‘ద ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్‌ను మొదట్లో స్పాన్సర్ చేసింది ఒక సిగరెట్ బ్రాండ్. అందులోని పాత్రలు ఫ్రెడ్, బార్నీలు సిగరెట్ వెలిగించుకునే ప్రకటనలు కూడా తీశారు. 1964లో మొదలైన ‘బివిచ్డ్’లో చీపురు మీద ఎగిరే మంత్రగత్తె సమంతా కార్టూన్ అందరికీ గుర్తే. తొలి ప్రసారాల్లో ఆ కార్టూన్ షెవర్లే కార్ల పేరుతోనో, క్వేకర్ ఓట్స్ పేరుతోనో కలిసి వచ్చేది. ఇలా మొదట్లో స్పాన్సర్ నిలబడితే, మధ్యలో నెట్‌వర్క్ నిలబడింది. అసలు ఆ ఫిల్మ్ తీసి, దాని హక్కులు దగ్గర పెట్టుకున్న సంస్థకు మిగిలింది చివరి నాలుగు సెకన్లు. మన దగ్గర సినిమా బ్యానర్ బొమ్మ మొదట్లోనే, కొబ్బరికాయ కొట్టినట్టు వస్తుంది. అమెరికన్ టీవీలో అది తోక దగ్గరకు వెళ్లడానికి కారణం ఈ డబ్బు లెక్కే.

ఆ నాలుగు సెకన్లకు విలువ ఎక్కడి నుంచి వచ్చిందంటే, సీరియల్ నెట్‌వర్క్‌లో ఒకసారి వేసి ఊరుకునేది కాదు. దేశమంతటా ఉన్న స్థానిక స్టేషన్లకు విడివిడిగా అమ్మి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేయించడాన్ని సిండికేషన్ అంటారు. మొదటి ప్రసారంలో ఖర్చులు తిరిగి రాకపోయినా, సిండికేషన్‌లో లాభం వచ్చేది. అప్పటికి స్పాన్సర్ మారిపోయేవాడు, అతని పేరు ఉన్న ముక్కను కత్తిరించేసేవాళ్లు. నెట్‌వర్క్ పేరు కూడా పోయేది. ప్రతి ఊళ్లో, ప్రతి ప్రసారంలో, సాయంత్రం నాలుగింటికి వేసినా అర్ధరాత్రి వేసినా చెక్కుచెదరకుండా నిలిచేది చివరి లోగో ఒక్కటే. ఒక పిల్లవాడు దాన్ని వారానికి ఒకసారి కాక రోజూ చూడటానికి కారణం అది.

1950ల్లో స్క్రీన్ జెమ్స్‌కు తనదంటూ ప్రత్యేకమైన బొమ్మ లేదు. తల్లి సంస్థది అరువు తెచ్చుకుంది. కొలంబియా సినిమాల మొదట్లో 1928 నుంచీ కనిపిస్తున్న కాగడా పట్టుకున్న స్త్రీ, టీవీ తెర చివర్లోనూ నిలబడింది. దానికి తోడు ఒక అనౌన్సర్ గంభీరంగా ఇది స్క్రీన్ జెమ్స్ వారి చిత్రమని, కొలంబియా పిక్చర్స్ హాలీవుడ్ స్టూడియోల నుంచి వస్తున్నదని చెప్పేవాడు. ఆ మాటల్లో వ్యాపారం స్పష్టంగా వినిపిస్తుంది. టీవీ అంటే నాసిరకం అనుకునే రోజులవి. న్యూయార్క్ స్టూడియోల్లో లైవ్‌గా చేసే నాటకాలకు ఉన్న పరువు ఫిల్మ్ మీద తీసిన సీరియళ్లకు లేదు. అందుకే సినిమా కంపెనీ పేరు, హాలీవుడ్ పేరు రెండూ పలికించి, ఇది చవక సరుకు కాదని నచ్చజెప్పుకున్నారు. పెద్దింటి పిల్లవాణ్ని తండ్రి పేరు చెప్పి పరిచయం చేసినట్టు.

1963 వచ్చేసరికి ఆ అవసరం తగ్గింది. ‘నేకెడ్ సిటీ’, ‘రూట్ 66’, ‘డెనిస్ ద మెనేస్’, ‘హేజెల్’, ‘ద డోనా రీడ్ షో’లతో స్క్రీన్ జెమ్స్ పేరు బాగా పాకింది. 1961లోనే షేర్లు జనానికి అమ్మి స్టాక్ మార్కెట్‌లోకి కూడా దిగింది. అప్పుడు కాగడా స్త్రీని పక్కకు తప్పించి కొత్త లోగో చేయించారు. అభిమానులు దాన్ని ‘డాన్సింగ్ స్టిక్స్’ అంటారు. సన్నటి పుల్లల్లాంటి గీతలు తెర మీదకు దూకి, అటూ ఇటూ చిందులేసి, ఒక ఆకారంలో కుదురుకుంటాయి. పేరు పడుతుంది. హుషారైన బాణీ, దాని మీద అనౌన్సర్ గొంతు. ‘బివిచ్డ్’ మొదటి సీజన్ చివర్లో వచ్చింది ఇదే.

ఈ లోగో రెండేళ్లకు మించి నిలవలేదు గానీ, కథలో దాని స్థానం చిన్నది కాదు. మనిషి రూపం ఇక్కడే పోయింది. కానీ గొంతు ఉంది, బాణీలో చనువు ఉంది. గీతలు బొమ్మలే అయినా వాటి కదలికలో అల్లరి ఉంది. దీన్ని చూసి ఎవరూ భయపడినట్టు వినం. కాబట్టి గీతల బొమ్మ కావడం ఒక్కటే భయానికి కారణం అనుకోవడానికి లేదు.

1965లో అసలు మార్పు వచ్చింది. కొత్త గుర్తు గీయించే పనిని న్యూయార్క్‌లోని చెర్మయెఫ్ అండ్ గైస్మార్ అనే డిజైన్ సంస్థకు అప్పగించారు. ఛేజ్ మాన్‌హాటన్ బ్యాంకుకు ఎనిమిది కోణాల గుర్తు, మోబిల్ పెట్రోలు బంకులకు ఎర్రటి ‘ఓ’ ఉన్న అక్షరాలు ఇచ్చినవాళ్లు వీళ్లే. తర్వాతి కాలంలో ఎన్‌బీసీ నెమలి గుర్తుకు ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చిందీ వీళ్లే. వీళ్ల పద్ధతి అప్పటి అమెరికన్ కార్పొరేట్ ప్రపంచానికి మతం లాంటిది. గుర్తు చూడగానే బుర్రలో ముద్ర పడాలి, సైజు ఎంత తగ్గించినా చెడకూడదు, దేన్నీ వర్ణించకూడదు, కథ చెప్పకూడదు. స్క్రీన్ జెమ్స్‌కు ఇచ్చిన ‘ఎస్’ ఈ పరీక్షలన్నీ నెగ్గింది. మధ్యలో చుక్క, దాని పైనుంచీ కిందనుంచీ ఒరుసుకుపోయే రెండు పట్టీలు. ఫిల్మ్ రీలు చుట్ట తిరుగుతున్నట్టు అనిపిస్తుంది, కానీ రీలు బొమ్మ కాదు. లెటర్‌హెడ్ మీద పెట్టి చూస్తే ఈ రోజుకీ కొత్తగానే ఉంటుంది. ఆ దశాబ్దపు మంచి డిజైన్లలో దీన్ని చేర్చకపోవడం అన్యాయం.

బ్యాంకు గుర్తు గోడ మీద కదలకుండా ఉంటుంది, దానికి శబ్దం ఉండదు. టీవీ గుర్తు కదలాలి, మోగాలి. ఆ మోగించే పని ఎరిక్ సైడే చేతికి వచ్చింది. ఈయన గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1905లో లండన్‌లో పుట్టాడు. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో వయొలిన్ నేర్చుకుని, జాజ్ బృందాల్లో వాయించి, రెండో ప్రపంచ యుద్ధం ముందు అమెరికా చేరాడు. అక్కడ ఎలక్ట్రానిక్ శబ్దాల మీద మోజు పడ్డాడు. ఒక కంపెనీని కొన్ని సెకన్ల శబ్దంతో గుర్తుపట్టించవచ్చని, దానికి మాటలూ పాటా అక్కర్లేదని నమ్మి, ఆ పనినే వ్యాపారంగా పెట్టుకున్నాడు. మాక్స్‌వెల్ హౌస్ కాఫీ ప్రకటనలో, కాఫీ కాచే పర్కోలేటర్ బుడబుడలాడినట్టుండే బాణీ ఆయనదే. కార్యక్రమం రంగుల్లో వస్తోందని చెప్పే సీబీఎస్ నెట్‌వర్క్ గుర్తు వెనకాల శబ్దమూ ఆయనదే. రాబర్ట్ మూగ్ తన సింథసైజర్‌ను (ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్వరాలు పుట్టించే వాయిద్యం) అమ్మకానికి పెట్టినప్పుడు తొలి కొనుగోలుదారుల్లో సైడే ఒకడు. రాక్ బృందాలు ఆ పరికరం వైపు చూడకముందే, మధ్యతరగతి అమెరికన్ వంటింటి దాకా ఎలక్ట్రానిక్ సంగీతం చేరిందంటే దానికి ఇలాంటి ప్రకటనల శబ్దాలే కారణం.

జనం తమకు తెలియకుండానే రోజూ వింటున్న ఆధునిక సంగీతం అది. అప్పటి విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తున్నవాళ్ల కచేరీకి వంద మంది వస్తే గొప్ప. సైడే చేసిన కొన్ని సెకన్ల ముక్కలు కోట్ల మంది చెవుల్లో పడ్డాయి. సంగీత చరిత్రల్లో ఆయన పేరు అరుదుగా కనిపించడం బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఆ లోగోను దగ్గర నుంచి చూద్దాం. ‘బివిచ్డ్’ ఎపిసోడ్ అయిపోయింది. పేర్లు వెళ్తున్నంతసేపూ వెనకాల ఆర్కెస్ట్రా టైటిల్ బాణీ వాయిస్తూ ఉంది, వయొలిన్లు, బూరలు, మనుషుల చేతుల్లోంచి వచ్చే వెచ్చదనం. ఆఖరి పేరు పడింది, బాణీ ముగిసింది. ఒక్క కట్. తెర నిండా ఒకే రంగు. అందులో నేల లేదు, ఆకాశం లేదు, నీడ లేదు. చుక్క. రెండు పక్కల నుంచీ పట్టీలు దూసుకొచ్చి దాన్ని చుట్టుకుంటాయి. ఆ వేగంతో పాటే మోత పైకి లేస్తుంది. ఊపిరి తీసుకుని ఊదే బూర శబ్దానికి ఒక మొదలు ఉంటుంది, ఒక చివర ఉంటుంది. దీనికి అవి రెండూ లేవు. స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగుతుంది. అనౌన్సర్ ఏమీ అనడు. పేరు మాత్రం దగ్గరకు వచ్చి నిలబడుతుంది.

చదవడం రాని పిల్లవాడికి ఆ అక్షరాలు అక్షరాలు కావు. ముందటి లోగోలో అయితే ఒక పెద్దాయన గొంతు వినిపించి, ఇది ఫలానా వాళ్ల సినిమా అని సర్దిచెప్పేది. ఇక్కడ సర్దిచెప్పే నాథుడు లేడు. అంతసేపూ నవ్వించిన మనుషులు మాయమై, వాళ్ల స్థానంలో ఏదో వచ్చి తన వైపే చూస్తున్నట్టు అనిపించడంలో వింతేమీ లేదు. చుక్క కన్నులా ఉందని కొందరు పెద్దయ్యాక గుర్తుచేసుకున్నారు. డిజైనర్ల ఉద్దేశం అది కానే కాదు. కానీ దేన్నీ వర్ణించని బొమ్మ గీస్తే, చూసేవాడు తనకు తోచిన బొమ్మను అందులో పెట్టుకుంటాడు. పిల్లలకు తోచేది ఎప్పుడూ ముఖమో కన్నో.

దీనికి తోడు ప్రింట్ల సంగతి. సిండికేషన్‌లో ఎపిసోడ్‌లు 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తిరిగేవి. ఒక స్టేషన్ వేసుకున్నాక అదే డబ్బాను పార్సెల్ కట్టి ఇంకో ఊరి స్టేషన్‌కు పంపేది. ఆ ఫిల్మ్ అంచునే, వెలుతురుతో చదివే సన్నటి గీతలా శబ్దం ముద్రించి ఉంటుంది. గీతలు పడి, దుమ్ము చేరి, రీలు చివర ఎక్కువగా నలిగిపోయేది. లోగో ఉండేది సరిగ్గా ఆ చివరే. ప్రొజెక్టర్ వేగం ఏ కొంచెం తగ్గినా స్వరం జారిపోయి గుయ్యిమని సాగేది. మాటల్లో, మామూలు పాటల్లో ఈ తేడా చెవి సర్దుకుంటుంది. నిలకడగా మోగే ఎలక్ట్రానిక్ స్వరంలో అయితే చిన్న వణుకు కూడా దాక్కోదు. కాబట్టి ఒక్కో ఊరి పిల్లలు విన్నది ఒక్కో రకం మోత. చాలామంది విన్నది సైడే చేసిన దానికంటే ఘోరంగా ఉండేది.

ఈ సీరియళ్లలో రంగు కూడా మొదట్నుంచీ లేదు. 1965 సెప్టెంబరులో మొదలైన ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’ తొలి సీజన్, ‘బివిచ్డ్’ రెండో సీజన్ నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. లోగో కూడా అలాగే బూడిద రంగులో వచ్చింది. 1966లో ఈ రెండు సీరియళ్లకు రంగులు రాగానే వాటి చివరి లోగోకు కూడా పసుపు, ఎరుపు వచ్చాయి.

ఎలక్ట్రానిక్ శబ్దంతో పిల్లల్ని బెదిరించిన ఘనత స్క్రీన్ జెమ్స్ ఒక్కదానిదే కాదు. 1971లో ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్ కోసం హెర్బ్ లుబాలిన్ గీసిన, మనిషి తల ఆకారంలోని ‘పి’ అక్షరానికి పాల్ ఆలన్ లెవీ సింథసైజర్ స్వరాలు కట్టాడు. దాని మీదా ఇలాంటి కథలే ఉన్నాయి. 1976లో వచ్చిన, సీరియళ్లను స్టేషన్లకు పంపిణీ చేసే వయాకామ్ సంస్థ లోగోలో పెద్ద ‘వి’ తెర లోపలి నుంచి మీదకు దూసుకొస్తుంది. దానికి వాడింది సింథసైజర్ కాదు, డోళ్లూ బూరలూ. అయినా బెదిరారు. ఎందుకంటే అది కూడా ముఖం లేని గుర్తు, మాట లేని గుర్తు, చూసేవాడి వైపు వేగంగా వచ్చే గుర్తు.

వీటికి పూర్తి ఎదురు ఎమ్‌టీఎమ్ అనే టీవీ నిర్మాణ సంస్థ. నటి మేరీ టైలర్ మూర్, గ్రాంట్ టింకర్ దంపతులు 1969లో పెట్టారు. ఎమ్‌జీఎమ్ సినిమాల్లో సింహం గర్జించే చట్రంలో వీళ్లు మిమ్సీ అనే నారింజ రంగు పిల్లికూనను కూర్చోబెట్టి, మ్యావ్ అనిపించారు. అంతటితో ఊరుకోలేదు. పోలీసుల సీరియల్ ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ చివర్లో పిల్లికి పోలీసు టోపీ పెట్టారు. ఆసుపత్రి సీరియల్ ‘సెయింట్ ఎల్స్‌వేర్’లో ఆపరేషన్ దుస్తులు వేశారు. 1988లో ఆ సీరియల్ ఆఖరి ఎపిసోడ్ చివర, యంత్రాల మధ్య పడుకున్న పిల్లి గుండె చప్పుడు ఆగిపోయి గీత సాపు అయినట్టు చూపించారు. ఎమ్‌టీఎమ్ రచయితలకు పెద్దపీట వేసిన సంస్థ. లోగో కూడా ఎపిసోడ్‌లో ఆఖరి వాక్యమే అన్నట్టు వాడుకుంది. స్క్రీన్ జెమ్స్ లోగో మాత్రం నవ్వుల సీరియల్‌కూ, గంభీరమైన నాటకానికీ ఒకటే. ఒక ఫ్యాక్టరీ తన సరుకు మీద వేసే ముద్ర అది. నిజానికి ఆ సంస్థ కూడా ఒక ఫ్యాక్టరీయే. బర్‌బ్యాంక్‌లోని కొలంబియా ర్యాంచ్‌లో ఒకే వీధి సెట్లో సమంతా ఇల్లూ, పార్ట్‌రిడ్జ్ కుటుంబం ఇల్లూ నిలబెట్టారు. ఒకే సంస్థ పాటల హక్కులూ చూసుకునేది, కార్టూన్లూ పంపిణీ చేసేది, ‘ద మంకీస్’ కోసం నలుగురు కుర్రాళ్లను ఏరి ఒక బ్యాండ్‌నూ తయారు చేసింది. ఇన్ని రకాల సరుకుకు ఒకే ముద్ర సరిపడాలంటే అది దేని గురించీ మాట్లాడకుండా ఉండాలి. వ్యాపారపరంగా ఆ ‘ఎస్’ సరైన నిర్ణయమే.

1974లో స్క్రీన్ జెమ్స్ పేరే పోయింది. తల్లి సంస్థ ఆర్థికంగా చితికిపోయి, కొత్త యాజమాన్యం చేతుల్లోకి వెళ్లాక, టీవీ విభాగాన్ని కొలంబియా పిక్చర్స్ టెలివిజన్ అని మార్చారు. లోగో తొమ్మిదేళ్ల పని అక్కడితో ముగిసింది. తర్వాత వచ్చిన లోగోలు ఎటు నడిచాయో చూడాలి. 1976 ప్రాంతంలో కాగడా కిరణాల బొమ్మ వచ్చింది, అంటే సగం దూరం వెనక్కి. 1982లో కోకా-కోలా కంపెనీ కొలంబియాను కొన్నాక కాగడా స్త్రీయే పూర్తిగా తిరిగి వచ్చింది. కింద కోకా-కోలా పేరు ఉన్న చిన్న వాక్యం చేరింది. తర్వాత ఆ వాక్యం పోయింది. 1989లో సోనీ కొలంబియాను కొంది. చుక్కలూ పట్టీల ప్రయోగం చేసిన స్టూడియో మళ్లీ మనిషి రూపం దగ్గరకే వచ్చింది.

యాజమాన్యం మారిన ప్రతిసారీ పాత ఎపిసోడ్‌ల తోక మీద కొత్త లోగో అతికించడం మామూలైంది. అభిమానులు దీన్ని ‘ప్లాస్టరింగ్’ అంటారు. పని హడావుడిగా జరిగిన చోట్ల గమ్మత్తులు కనిపిస్తాయి. బొమ్మ కొత్తది, దాని వెనక మోగేది పాత సంగీతం. లేదంటే పాత బాణీ ఆఖరి స్వరం అర క్షణం మోగి తెగిపోతుంది. 1994లో ఎన్‌బీసీ పేర్ల పట్టికను తెర పక్కకు నొక్కి, మిగతా జాగాలో తర్వాతి కార్యక్రమం ప్రచారం వేయడం మొదలుపెట్టింది. ప్రేక్షకుడు రిమోట్ నొక్కి వెళ్లిపోతాడన్న టెన్షన్. మిగతా నెట్‌వర్క్‌లూ అదే దారి పట్టాయి. ముగింపు లోగోకు ఒకప్పుడు ఉన్న పూర్తి తెర, పూర్తి నిశ్శబ్దం ఆ తర్వాత దొరకలేదు. ఇంతటి నష్టం జరిగినా దాని గురించి గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

మన ఇళ్లకు ఈ సీరియళ్లు వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 1995లో మొదలైన సోనీ ఛానల్, సొంత సంస్థ గోదాముల్లో ఉన్న ‘బివిచ్డ్’, ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’లను హిందీలోకి డబ్ చేసి వేసింది. కేబుల్ కనెక్షన్ ఉన్న తెలుగు ఇళ్లలో కూడా వాటిని చూసిన పిల్లలు చాలామందే. అప్పటికి ముప్ఫై ఏళ్ల పాతవని తెలియకుండానే చూశారు. కొలంబియా కార్టూన్ విభాగం పేరు పెట్టుకున్న కంపెనీ, కోకా-కోలా చేతుల్లోంచి జపాన్ కంపెనీ చేతుల్లోకి వెళ్లడం వల్లే ముక్కు అదిలించే సమంతా హైదరాబాద్ దాకా వచ్చింది. ఆ అమ్మకాలూ కొనుగోళ్లూ అన్నీ ఎపిసోడ్ చివరి సెకన్లలో ముద్రపడుతూ వచ్చాయి.

2010లో రాడ్నీ ఆషర్ ఈ లోగో మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీశాడు. దాని పేరు కూడా ‘ద ఎస్ ఫ్రమ్ హెల్’. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపించారు. పిల్లలప్పుడు ఆ లోగోకు హడలిపోయినవాళ్లు, నడివయసులో ఆ సంగతులు చెప్తుంటే, తెర మీద వాటిని నటించి చూపిస్తాడు. ఎగతాళి చేయడానికి ఎంతో అవకాశం ఉన్న విషయమే అయినా, వాళ్ల భయాన్ని భయంగానే తీసుకున్నాడు. మెచ్చుకోవలసింది అదే.

ఇక ఆ లోగోలు అసలు మిగిలి ఉండటానికి కారణం స్టూడియోల శ్రద్ధ కాదు. 1974 తర్వాత మార్చమన్నా మార్చకుండా పాత ప్రింట్లనే తిప్పిన చిన్న స్టేషన్లు, పారేయబోతుంటే ఆ డబ్బాలను కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్న 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ సేకర్తలు, పేర్లు వెళ్లిపోయాక కూడా వీడియో రికార్డర్ ఆపకుండా వదిలేసినవాళ్లు. 2005లో ‘బివిచ్డ్’ మొదటి సీజన్‌ను డీవీడీగా తెచ్చినప్పుడు సోనీ నలుపు తెలుపుతో పాటు, కంప్యూటర్‌తో రంగులద్దిన కాపీలు కూడా అమ్మింది. నటుల బట్టలకు ఏ రంగు వేయాలో అంత ఆలోచించగలిగినప్పుడు, ఎపిసోడ్‌కు మొదటి రోజు ఏ తోక ఉందో ఆ తోకనే ఉంచడం పెద్ద పనేమీ కాదు. పాత సీరియళ్లను మళ్లీ విడుదల చేసే ఏ సంస్థకైనా ఇది ఖర్చులేని పని. స్పాన్సర్ల కార్టూన్లనూ, అనౌన్సర్ గొంతునూ, ఆ పసుపు తెరనూ వాటి వాటి చోట్ల ఉంచితే చాలు.